ఒకటి నుంచి ఐదు తరగతులు చెప్పే ఉపాధ్యాయులకు ఏ పైచదువు మేలు?

డీఎస్సీ రాసి ఉద్యోగంలో చేరి ఐదారేళ్లు గడిచిన సెకండరీ గ్రేడ్ టీచర్లలో చాలామందికి పైచదువు ఆలోచన వస్తుంది. డి.ఎడ్. మీద ఉద్యోగం వచ్చింది, డిగ్రీ ఎలాగో పూర్తయింది, ఇక ఏం చదవాలన్నది ప్రశ్న. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ సమావేశంలో అడిగితే ఒకరు ఎం.ఏ. తెలుగు కట్టమంటారు, ఇంకొకరు ఎం.ఎడ్. చేస్తే డైట్‌కు, అంటే జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థకు, అధ్యాపకులుగా వెళ్లవచ్చంటారు, మరొకరు ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో)లో దూరవిద్య ద్వారా ఎం.ఏ. ఎడ్యుకేషన్ ఉద్యోగం చేసుకునేవారికి అనువైనదంటారు. ఈ సలహాల్లో ఏదీ తప్పు కాదు. అయితే మూడో తరగతికి వచ్చినా చదవలేని పిల్లలకు చదవడం నేర్పే విద్య ఈ కోర్సుల్లో ఎందులో ఎంత ఉందన్న ప్రశ్న ఆ సంభాషణల్లో దాదాపుగా వినిపించదు. ఆ ప్రశ్ననే ముందు పెట్టుకుని, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పని చేస్తున్న ప్రాథమిక ఉపాధ్యాయులకు ఉన్న దారులను ఇక్కడ పోల్చి చూస్తున్నాను.

ఆ ప్రశ్నకు ఇప్పుడు మునుపటి కంటే ఎక్కువ అవసరం ఉంది. మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలన్న లక్ష్యంతో కేంద్ర ప్రభుత్వం 2021 జులై 5న నిపుణ్ భారత్‌ను ప్రారంభించి, 2026-27ను గడువుగా పెట్టుకుంది. 2022లో తెలంగాణలో ఇదే లక్ష్యంతో తొలిమెట్టు కార్యక్రమం మొదలైంది. అయినా పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువును పరీక్షించే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం దేశవ్యాప్తంగా గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగినవారు 23.4 శాతమే. 2022లో ఉన్న 16.3 శాతంతో పోలిస్తే ఇది మెరుగే గానీ, నలుగురిలో ముగ్గురు ఇంకా చదవలేకపోతున్నారన్నది దీని అర్థం. ఆ ముగ్గురి ఎదుట రోజూ నిలబడేది మనమే.

నా అనుభవం ఒకటి చెబుతాను, ఎందుకంటే ఈ వ్యాసంలోని తూకమంతా దాని మీదే ఆధారపడి ఉంది. మూడో తరగతిలో ఒక పిల్లవాడు వాచకం తెరిచి పాఠం గడగడ చదివేవాడు. దగ్గరికి వెళ్లి చూస్తే వేలు రెండో వరుసలో, గొంతు నాలుగో వరుసలో ఉన్నాయి. పాఠం కంఠస్థం వచ్చింది, అక్షరం రాలేదు. పుస్తకం మూయించి, ఆ పాఠంలోనిదే అయిన ‘మొక్క’ అన్న మాటను పలక మీద రాసి చూపిస్తే, చాలాసేపు చూసి ‘మోక’ అన్నాడు. అప్పటికి నేను ఎం.ఏ. తెలుగు పూర్తి చేసి ఉన్నాను. ద్విత్వాక్షరానికీ సంయుక్తాక్షరానికీ తేడా చెప్పమంటే చెప్పగలను, వ్యాకరణం పేపర్లో మంచి మార్కులే వచ్చాయి. అయినా ఆ పిల్లవాడు ‘మోక’ అని ఎందుకు అన్నాడో, మర్నాడు వాడితో ఏం చేయించాలో నాకు తెలియలేదు. అందరికీ చెప్పినట్టే వర్ణమాల మళ్లీ మొదటి నుంచి రాయించాను. వాడు అప్పటికే మూడేళ్లుగా అదే రాస్తున్నాడు.

కొన్నేళ్ల తర్వాత ఒక స్వల్పకాలిక కోర్సులో చేరినప్పుడు మొదటి అభ్యాసంగా మా తరగతిలోని ఒక బిడ్డ పక్కన కూర్చుని, ఇరవై మాటలు చదివించి, ఎలా పలికితే అలాగే రాసుకుని రమ్మన్నారు. అలాంటి మరో పిల్లవాడి దగ్గరే కూర్చున్నాను. ఇరవైలో తొమ్మిది తప్పులు వచ్చాయి. వాటిలో ఏడు ఒత్తులున్న మాటలు, రెండు ఒ-ఓ గుణింతాల దగ్గర తడబాటు. సరళ పదాలన్నీ సరిగ్గా చదివాడు. ‘వీడికి చదవడం రాదు’ అని నేను రెండేళ్లుగా అంటున్న మాట తప్పని ఆ కాగితం చెప్పింది. వాడికి రానివి ఒత్తులు, ఒ-ఓ గుణింతాలు మాత్రమే. ఆ సంగతి తెలిశాక ఆరు వారాల పని కనిపించింది.

అందువల్ల నా కొలబద్ద ఇది: ఏ కోర్సు అయితే మిమ్మల్ని మీ తరగతిలోని బిడ్డ పక్కన కూర్చోబెట్టి, ఆ బిడ్డ చదివిన తీరును రాయించి, దాన్ని చూసి మీతో మాట్లాడే గురువును ఇస్తుందో ఆ కోర్సు చదవడం నేర్పే విద్యను నేర్పుతుంది. డిగ్రీ పేరు, విశ్వవిద్యాలయం పేరు ఆ తర్వాత చూడవలసినవి.

సిలబస్‌లో ఏం వెతకాలి

దరఖాస్తు కంటే ముందు సిలబస్ తెప్పించుకుని చదవాలి. 1986లో గఫ్, టన్మర్ అనే పరిశోధకులు చదవడాన్ని రెండు సామర్థ్యాల లబ్ధంగా వివరించారు: రాసినదాన్ని మాటగా పలకగలగడం ఒకటి, విన్న భాషను అర్థం చేసుకోగలగడం రెండోది. ఈ రెండింటిలో ఏది సున్నా అయినా ఫలితం సున్నాయే. కోర్సులో ఈ రెండూ ఉన్నాయో లేదో చూడండి. మన శిక్షణల్లో కొన్ని అక్షరాల దగ్గరే ఆగిపోతాయి, కొన్ని కథలు, సంభాషణలు, బొమ్మల చుట్టూ తిరిగి అక్షరాలు వాటంతట అవే వస్తాయని వదిలేస్తాయి. రెండు రకాల శిక్షణల తర్వాతా కూడబలుక్కుని చదివే పిల్లలు మన ముందు అలాగే ఉంటారు.

తర్వాత చూడవలసింది తెలుగు లిపి గురించి ఆ కోర్సుకు ఏం తెలుసన్నది. చదవడం మీద ప్రపంచంలో జరిగిన పరిశోధనలో అధిక భాగం ఇంగ్లీషు మీద జరిగింది. ఇంగ్లీషు బిడ్డ 26 అక్షరాలు త్వరగానే నేర్చుకుని, వాటి ఉచ్చారణలో నిలకడ లేకపోవడంతో ఏళ్ల తరబడి ఇబ్బంది పడుతుంది. తెలుగు బిడ్డ కష్టం మరో చోట ఉంది. మన లిపిలో రాసినట్టే పలుకుతాం, కానీ నేర్వవలసిన రూపాలు చాలా ఎక్కువ. హల్లులు 36 అనుకుని, ఒక్కోదానికి గుణింత రూపాలు 12 చొప్పున వేసుకున్నా, ఒత్తులు లెక్కలోకి రాకముందే 400 దాటిపోతాయి. అందులో త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలిక ఉండదు. ‘కొ’ రాసే పద్ధతి వేరు, ‘మొ’, ‘యొ’ రాసే పద్ధతి వేరు. పైన చెప్పిన పిల్లవాడు ‘మొక్క’ దగ్గర ఆగిపోవడంలో వింత లేదు, ఆ రెండక్షరాల మాటలో ‘మొ’ రూపం, ఒత్తు రెండూ కలిసి ఉన్నాయి. కన్నడ పిల్లల మీద సోనాలీ నాగ్ చేసి 2007లో ప్రచురించిన పరిశోధనలో అక్షర రూపాలన్నీ పట్టుబడడానికి మూడు, నాలుగు తరగతుల దాకా పడుతుందని తేలింది. కన్నడ, తెలుగు లిపులు అక్కచెల్లెళ్లు కనుక అది మనకూ దారి చూపే సంగతే. ఒకటో తరగతి సంక్రాంతి సెలవులకల్లా గుణింతాలు ‘పూర్తి చేశాం’ అని రిజిస్టర్‌లో రాసుకునే అలవాటును ప్రశ్నించగలిగే కోర్సు కావాలి మనకు.

మూడోది అభ్యాసం. ఎన్ని గంటలు పిల్లలతో పని చేయాలి, ఆ పనిని ఎవరు చూస్తారు, అసైన్‌మెంట్లకు మార్కులు మాత్రమే వస్తాయా, రాతపూర్వక వ్యాఖ్యలు కూడా వస్తాయా అన్న ప్రశ్నలకు జవాబు సిలబస్‌లో దొరక్కపోతే గత ఏడాది చదివినవారిని అడగాలి.

ఎం.ఏ. తెలుగు

మన రాష్ట్రాల్లో ప్రాథమిక ఉపాధ్యాయులు ఎక్కువగా ఎంచుకునే పీజీ ఇదే. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంతో పాటు ఉస్మానియా, కాకతీయ, ఆంధ్ర, ఆచార్య నాగార్జున, శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయాల దూరవిద్యా కేంద్రాలు ఏళ్ల తరబడి దీన్ని అందిస్తూ వచ్చాయి. ఖర్చు తక్కువ, మాధ్యమం తెలుగు, ఉద్యోగానికి ఆటంకం లేదు. డిగ్రీలో తెలుగు ఐచ్ఛికంగా లేనివారికి తెలుగు స్కూల్ అసిస్టెంట్ పదోన్నతి వైపు ఇది దారి తీస్తుంది. దానికి బి.ఎడ్.లో తెలుగు మెథడ్ లేదా పండిత శిక్షణ కూడా ఉండాలి కనుక రెండింటినీ కలిపి ఆలోచించుకోవాలి.

ఇందులో నేర్చుకునేది సాహిత్య చరిత్ర, ప్రాచీన కావ్యాలు, చిన్నయసూరి బాలవ్యాకరణం, సాహిత్య విమర్శ, భాషాశాస్త్రం. ఈ చదువు నాకు ఇచ్చిన ఆనందాన్ని తక్కువ చేయను. పద్యం రాగయుక్తంగా చదివి వినిపించగల టీచరు తరగతిలో ఉండడం పిల్లలకు అదృష్టమే. భాషాశాస్త్రం పేపరును శ్రద్ధగా చదివితే తరగతిలో నేరుగా పనికివచ్చే అంశం ఒకటి దొరుకుతుంది: అక్షరానికీ ధ్వనికీ ఉన్న తేడా. ‘కాకి’ అన్న మాటలో అక్షరాలు రెండు, ధ్వనులు నాలుగు. తెలుగు బిడ్డకు అక్షరాలను విడదీసి చప్పట్లు కొట్టడం తేలిక, అచ్చును హల్లు నుంచి విడదీసి వినడం కష్టం. గుణింతం నేర్పడమంటే ఆ అచ్చు మారడాన్ని వినిపించడమే. పాఠ్యపుస్తకం ఈ సంగతిని ఆరేళ్ల బిడ్డ దాకా తీసుకురాదు. ఆ వంతెన మనమే కట్టుకోవాలి. పిల్లలు చదవడం ఎలా నేర్చుకుంటారన్న పేపరు ఎం.ఏ. తెలుగులో సాధారణంగా ఉండదు, పిల్లలతో అభ్యాసం అసలే ఉండదు. పదోన్నతి కోసమైతే, సాహిత్యం మీద ప్రేమతోనైతే తప్పకుండా చదవండి. ఒకటో తరగతి బాగా చెప్పడానికి ఇది చాలుతుందనుకుంటే మాత్రం నాలాగే ఆ పిల్లవాడి ముందు నిలబడిపోతారు.

ఎం.ఎడ్.

2014 నాటి జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) నిబంధనల ప్రకారం ఎం.ఎడ్. రెండేళ్ల కోర్సు అయింది. బి.ఎడ్. చేసినవారే అర్హులని చాలామంది అనుకుంటారు గానీ, ఆ నిబంధనలు డిగ్రీతో పాటు డి.ఎల్.ఎడ్. (డి.ఎడ్.కు ఇప్పటి పేరు) ఉన్నవారికీ 50 శాతం మార్కుల షరతుతో అర్హత కల్పించాయి. ఎలిమెంటరీ స్థాయిని ప్రత్యేకాంశంగా తీసుకునే వీలుంది. తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో పీజీసెట్ అనే ప్రవేశ పరీక్షల ద్వారా ప్రవేశాలు జరుగుతాయి. మైసూరులో ఎన్‌సీఈఆర్‌టీకి చెందిన ప్రాంతీయ విద్యా సంస్థ కూడా దక్షిణాది రాష్ట్రాల అభ్యర్థులకు ఎం.ఎడ్. నడుపుతుంది.

దీని అసలు సమస్య సమయం. ఏడాదికి 200 పనిదినాలు, తరగతులకు 80 శాతం, క్షేత్రపనికి 90 శాతం హాజరు తప్పనిసరి. సెలవు పెట్టకుండా ఈ హాజరు సాధ్యం కాదు. ఊళ్లో బడికి, పట్నంలో కాలేజీకి ఒకే రోజు హాజరు పడుతుందని, కాలేజీ సంగతి తాము చూసుకుంటామని చెప్పేవారు ఉంటారు. ఆ మాట నమ్మవద్దని గట్టిగా చెబుతున్నాను. ఒకే తేదీన రెండు హాజరు పట్టికల్లో పేరున్నట్టు పదేళ్ల తర్వాత బయటపడినా పదోన్నతి పోవడంతో పాటు క్రమశిక్షణ చర్య ఎదురవుతుంది. అన్నిటికీ మించి, పిల్లల ముందు అబద్ధపు హాజరుతో నిలబడే మనిషి వారికి ఏం నేర్పగలడు?

సెలవు దొరికి, జీతం మీద పడే భారాన్ని తట్టుకోగలిగితే, ఎం.ఎడ్. ఇచ్చేది చిన్నది కాదు. విద్యా మనోవిజ్ఞానం, పరిశోధనా పద్ధతులు నేర్చుకుంటారు, ఒక పరిశోధనా నివేదిక రాయాలి. ఇక్కడే ఒక ఉపాయం ఉంది. చాలామంది ప్రశ్నావళులు పంచి, శాతాలు లెక్కగట్టి ఆ నివేదికను ముగిస్తారు. దానికి బదులు రెండో తరగతి పిల్లలు ఒత్తులున్న పదాలను ఎలా చదువుతున్నారు, ద్విత్వాక్షరం దగ్గర ఏం వదిలేస్తున్నారు, ఏ గుణింతం ఎక్కువ తప్పుతోంది వంటి విషయాన్ని తీసుకుంటే, పిల్లలకు చదవడం నేర్పే విద్యలో పీజీ చేసినంత లాభం ఎం.ఎడ్.లోనే దక్కుతుంది. పర్యవేక్షకుడు ఒప్పుకునేలా అడగడం మన వంతు. డైట్ అధ్యాపకులుగా వెళ్లాలనుకునేవారికి ఎం.ఎడ్. గట్టి పునాది. రేపటి ఉపాధ్యాయులకు చదవడం నేర్పే పద్ధతిని చెప్పే స్థానానికి దీని ద్వారానే వెళ్తారు కనుక, అటువంటివారు ఈ విషయాన్ని ఎంత లోతుగా చదివితే అంత మంచిది.

2025లో ఎన్‌సీటీఈ విడుదల చేసిన ముసాయిదా నిబంధనల్లో ఏడాది ఎం.ఎడ్.తో పాటు ఉద్యోగంలో ఉన్నవారి కోసం రెండేళ్ల పార్ట్‌టైమ్ ఎం.ఎడ్. ప్రతిపాదన కూడా ఉంది. అది మన విశ్వవిద్యాలయాల్లో అమలుకు వస్తే ఈ పోలికంతా మారుతుంది. పదేళ్లకు పైగా సర్వీసు మిగిలిన యువ ఉపాధ్యాయులు ఆ దారి మీద ఒక కన్ను వేసి ఉంచడం మంచిది.

ఇగ్నో ఎం.ఏ. ఎడ్యుకేషన్

ఏ డిగ్రీ ఉన్నా చేరవచ్చు, రెండేళ్లలో మొదలుకొని నాలుగేళ్ల లోపు పూర్తి చేయవచ్చు. విద్య స్వభావం, అభ్యసనం, సమాజంతో విద్యకున్న సంబంధం, పరిశోధన వంటి పేపర్లు ఉంటాయి. పాఠాలు ఇంగ్లీషులో లేదా హిందీలో ఉంటాయి, తెలుగులో ఉండవు. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన మనకు మొదటి ఆరు నెలలు కష్టంగా ఉంటుంది. పాఠ్యపుస్తకాలు మాత్రం ఇంట్లో కూర్చుని ఒంటరిగా చదువుకునేవారి కోసమే రాసినవి కనుక ఓపిక పడితే దారికొస్తాయి.

ఇది ఎం.ఎడ్.కు సమానం కాదు. ఈ సంగతి చేరాక తెలిసి నిరాశపడినవారిని చూశాను. ఉద్యోగ ప్రకటనల్లో ఎం.ఎడ్. అని మాత్రమే అడిగిన చోట ఇది చెల్లదు, ఎం.ఏ. ఎడ్యుకేషన్‌ను కూడా అంగీకరించిన చోట చెల్లుతుంది. ప్రారంభ పఠనం గురించి విడిగా ఎక్కువ లేకపోయినా, ఇందులోనూ పరిశోధనా నివేదిక ఉంది కనుక పైన చెప్పిన ఉపాయం ఇక్కడా పని చేస్తుంది. పైగా సొంత బడిలోనే సమాచారం సేకరించుకునే వీలు ఉద్యోగం చేస్తూ చదివేవారికి ఉంటుంది.

ఇంగ్లీషు వైపు వెళ్లేవారికి

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి, తెలంగాణలో 2022-23 నుంచి ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఒకే టీచరు రెండు లిపులు నేర్పవలసి వస్తోంది. అందువల్ల ఇంగ్లీషు బోధనలో శిక్షణ ఇప్పుడు విలాసం కాదు. బెంగళూరులో 1963లో ఏర్పడిన దక్షిణ భారత ప్రాంతీయ ఇంగ్లీషు సంస్థ మన రెండు రాష్ట్రాల ఉపాధ్యాయులకు 30 రోజుల శిక్షణ ఇస్తుంది. రాష్ట్ర ప్రభుత్వమే పంపుతుంది కనుక సెలవు సమస్య ఉండదు. అదే సంస్థ ఇంగ్లీషు బోధనలో పీజీ డిప్లొమా కూడా నడుపుతోంది. హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) ఇంగ్లీషు బోధనలో దూరవిద్య సర్టిఫికెట్, డిప్లొమా అందిస్తూ వచ్చింది, వాటి మొగ్గు పై తరగతుల బోధన వైపు ఉంటుంది. ప్రాథమిక తరగతుల వారికి నేను మొదట సిఫారసు చేసేది ఆ 30 రోజుల శిక్షణనే. అక్కడ నేర్చుకున్న ఇంగ్లీషు ధ్వనుల పద్ధతిని యథాతథంగా తెలుగు వాచకానికి అంటగట్టకుండా ఉంటే చాలు.

అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం, టిస్

బెంగళూరులోని అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. ఎడ్యుకేషన్ రెండేళ్ల పూర్తికాలపు చదువు. భాషాబోధన, పిల్లల అభ్యసనం మీద లోతైన బోధన కావాలంటే మన దగ్గరలో ఇంతకంటే మంచి చోటు అరుదు. రెండేళ్లు ఉద్యోగం వదిలి వెళ్లగలిగినవారికే ఇది సాధ్యం, ప్రభుత్వ ఉపాధ్యాయుల్లో అలాంటివారు కొద్దిమందే. ప్రైవేటు బడుల్లో తక్కువ జీతానికి పని చేస్తున్న యువ ఉపాధ్యాయులు, స్వచ్ఛంద సంస్థల్లో బాలల గ్రంథాలయాలు నడిపేవారు దీని గురించి గట్టిగా ఆలోచించాలి.

పని మానకుండా చదివే అమరికకు మన దేశంలో మంచి నమూనా 2006లో టాటా సామాజిక విజ్ఞాన సంస్థ (టిస్) ముంబయిలో ప్రారంభించిన ఎం.ఏ. ఎలిమెంటరీ ఎడ్యుకేషన్. కొన్ని వారాలు సంస్థలో తరగతులు, మిగిలిన నెలలు సొంత ఊళ్లో పని చేస్తూ చదవడం దాని పద్ధతి. అదే సంస్థ హైదరాబాదు ప్రాంగణంలో నడిచిన ఎర్లీ లిటరసీ ఇనిషియేటివ్ నుంచి టీచర్ల కోసం చిన్న చిన్న పత్రాలు ఎన్నో వెలువడ్డాయి. ఏ కోర్సులో చేరినా వాటిని పక్కన పెట్టుకుని చదివితే సిలబస్‌లోని ఖాళీ చాలావరకు పూడుతుంది. పిల్లలకు పుస్తకం ఎలా చదివి వినిపించాలి, తరగతి గోడ మీద ఏం రాసి ఉంచాలి వంటి పనిలోని సంగతులు వాటిలో ఉన్నాయి.

స్వల్పకాలిక కోర్సులు

దీక్షా ఆన్‌లైన్ వేదికలో, నిష్ఠా 3.0 అనే ఉపాధ్యాయ శిక్షణ కార్యక్రమం కింద 2021లో వచ్చిన 12 ఎఫ్ఎల్ఎన్ (పునాది అక్షరాస్యత, సంఖ్యాజ్ఞానం) కోర్సులను మనలో చాలామంది పూర్తి చేశాం, సర్టిఫికెట్లు తీసుకున్నాం. వీడియో నడుస్తుండగా పక్కన ఇంకో పని చేసుకుంటూ ముగించినవారు ఇప్పుడు మళ్లీ తెరిచి, అంశానికి ఒక వారం చొప్పున తరగతిలో ప్రయత్నిస్తూ చదివితే అది ఉచితంగా దొరికిన మంచి ఉపోద్ఘాతం. లోటల్లా మన పనిని చూసి మాట్లాడే మనిషి లేకపోవడమే.

ఆ మనిషి దొరికేది కొన్ని నెలల పాటు సాగే సర్టిఫికెట్ కోర్సుల్లో. లాంగ్వేజ్ అండ్ లెర్నింగ్ ఫౌండేషన్ వంటి సంస్థలు ప్రారంభ భాషాబోధన మీద ఇటువంటివి నడుపుతున్నాయి, ఎక్కువగా హిందీ రాష్ట్రాల కోసం. అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం కూడా పని చేస్తున్నవారి కోసం పార్ట్‌టైమ్ కోర్సులు పెడుతోంది. ఇవి పదోన్నతికి పనికిరావు, సర్వీస్ రిజిస్టర్‌లో ఒక వాక్యంగా కూడా మిగలకపోవచ్చు. అయినా తరగతి గదిలో మార్పు తెచ్చే బలం, నేను చూసినంతలో, వీటికే ఎక్కువ. నా చేత ఇరవై మాటల కాగితం రాయించింది ఇటువంటి కోర్సే. నా ఎం.ఏ. పాఠ్యపుస్తకాలు ఒక దూరవిద్యా కేంద్రం నుంచి పరీక్షలకు మూడు వారాల ముందు చేరాయి. ఈ చిన్న కోర్సులో మాత్రం నేను పంపిన ప్రతి కాగితం మీదా ఎవరో ఒకరు పెన్నుతో ప్రశ్న రాసి తిప్పి పంపారు. ‘ఈ బిడ్డ ‘కత్తి’ తప్పు చదివి ‘అక్క’ సరిగ్గా ఎందుకు చదివింది?’ అన్న ఒక ప్రశ్న మీద నేను వారం రోజులు ఆలోచించాను. ‘క’ ఒత్తు ‘క’ అక్షరాన్ని పోలి ఉంటుంది, ‘త’ ఒత్తు ‘త’ అక్షరాన్ని పోలదు. జవాబు అంత దగ్గరలో ఉంది.

తెలుగు ఇంటిభాష కాని పిల్లలు

ఉట్నూరు, భద్రాచలం, సీతంపేట, పాడేరు ప్రాంతాల్లో పని చేసేవారికి పై తూకం కొంత మారుతుంది. గోండి, కొలామి, కోయ, సవర, కువి, లంబాడీ మాట్లాడే బిడ్డకు అక్షరం, మాట, అర్థం మూడూ ఒకేసారి కొత్తవి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో 8 భాషల్లో మాతృభాషాధారిత బహుభాషా విద్యను ప్రారంభించి, తెలుగు లిపిలోనే ఆ భాషల వాచకాలు తెచ్చారు. ఆ వాచకాలు ఏ బడి అల్మరాలో ఉన్నా బయటికి తీయండి. ఇటువంటి బడుల వారికి ఎం.ఏ. తెలుగు కంటే బహుభాషా విద్య, భాషాశాస్త్రం వైపు ఉన్న చదువు ఎక్కువ ఉపయోగం. ఎం.ఎడ్. గానీ ఎం.ఏ. ఎడ్యుకేషన్ గానీ తీసుకుని పరిశోధనా నివేదికను పిల్లల ఇంటిభాష మీద చేయడం మంచి మార్గం. ఉర్దూ మాధ్యమ బడుల్లో ఉన్నవారికి హైదరాబాదులో 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఎం.ఎడ్. ఉర్దూలోనే దొరుకుతుంది.

అమెరికాలో స్థిరపడి అక్కడి ప్రాథమిక బడుల్లో పని చేస్తున్న తెలుగువారికి లిటరసీలో మాస్టర్స్, రీడింగ్ స్పెషలిస్ట్ లైసెన్సు వంటివి నేరుగా ఉన్నాయి. మన దగ్గర ఆ పేరుతో డిగ్రీ అరుదు. రాష్ట్రానికో నిబంధన ఉంటుంది కనుక, తాము పని చేసే రాష్ట్రం లైసెన్సుకు ఆ కోర్సు చెల్లుతుందో లేదో ముందుగా చూసుకోవాలి. వారాంతపు తెలుగు బడుల్లో పాఠాలు చెప్పే తల్లిదండ్రులు కూడా ఈ కోర్సుల వైపు చూస్తుంటారు. పిల్లల పఠనాన్ని గమనించే పద్ధతి అక్కడ బాగా నేర్పుతారు, గుణింతం మాత్రం మనమే చెప్పుకోవాలి.

ఎవరికి ఏది

ఎంపికకు ముందు టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) సంగతి చూసుకోవాలి. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలి ఉండి టెట్ లేకుండా నియమితులైనవారు రెండేళ్లలో టెట్ ఉత్తీర్ణులు కావాలి, పదోన్నతికీ అది అవసరం. ఆ జాబితాలో ఉన్నవారు ముందు టెట్ పూర్తి చేసి, తర్వాతే పీజీ ఆలోచన పెట్టుకోవాలి. టెట్‌లోని బాల వికాసం, తెలుగు బోధనా పద్ధతుల భాగాలను ఈ చదువుకు మొదటి మెట్టుగా చేసుకోవచ్చు.

పదిహేనేళ్లకు పైగా సర్వీసు మిగిలి ఉండి, డైట్ గానీ రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎస్‌సీఈఆర్‌టీ) గానీ లక్ష్యమైతే ఎం.ఎడ్. కోసం సెలవు గురించి ఇప్పటి నుంచే విచారించండి. తెలుగు స్కూల్ అసిస్టెంట్ కావాలనుకుంటే ఎం.ఏ. తెలుగు సరైనదే, కానీ అదే ఏడాది ఒక స్వల్పకాలిక పఠన కోర్సు కూడా చేయండి. 2022 ఏప్రిల్‌లో యూజీసీ ఇచ్చిన మార్గదర్శకాల తర్వాత రెండు చదువులు ఒకేసారి చదవడానికి విశ్వవిద్యాలయాల వైపు నుంచి ఆటంకం తగ్గింది. పదేళ్ల లోపు సర్వీసు మిగిలి, ఉన్న బడిలోనే చివరి దాకా పని చేయదలచినవారు ఏ డిగ్రీ మీదా డబ్బు పెట్టవద్దని నా సలహా. వారికి ఒక సర్టిఫికెట్ కోర్సు, తరగతిలో మంచి కథల పుస్తకాల అర ఒకటి చాలు. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఉన్నవారు కాంటాక్ట్ తరగతుల తేదీలు చూడకుండా ఎందులోనూ చేరవద్దు. వారు వెళ్లిన రోజు బడి మూతపడుతుంది కనుక, దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల్లో తరగతులుండే కోర్సే వారికి తగినది.

ఏది ఎంచుకున్నా శాఖ నుంచి ముందస్తు అనుమతి తీసుకోవాలి. దరఖాస్తును మండల విద్యాధికారి ద్వారా పంపి, ఆ ప్రతి మీద ముద్ర వేయించుకుని దాచుకోండి. దూరవిద్య కోర్సు అయితే ఆ సంవత్సరానికి, ఆ కోర్సుకు యూజీసీ అనుమతి ఉందో లేదో దాని దూరవిద్యా విభాగం (డెబ్) జాబితాలో చూసుకోవాలి. విశ్వవిద్యాలయానికి అనుమతి ఉన్నంత మాత్రాన ప్రతి కోర్సుకూ ఉన్నట్టు కాదు. 2024 నుంచి దూరవిద్యలో చేరాలంటే ఆ విభాగం ఇచ్చే డెబ్ ఐడీ కూడా తప్పనిసరి. ఇగ్నోలో ప్రవేశాలు జనవరిలో, జులైలో రెండు విడతలుగా, పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో ఉంటాయి. జూన్ నెల మనకు బడులు తెరిచే సమయం. పిల్లలను బడిలో చేర్పించే పని, పుస్తకాల పంపిణీ, ఒకటో తరగతి కొత్త పిల్లల ఏడుపులు అన్నీ అప్పుడే. జూన్ పరీక్షకు రెండు పేపర్లే రాసి, మిగిలినవి డిసెంబరుకు ఉంచుకునేలా మొదటి రోజే పంచుకోండి.